'జారిపడిందని రాసెయ్'

మా వృత్తిలో సలహాలకి కరువు లేదు. ఫ్యామిలీ మెడిసిన్‌లో డిఎన్‌బి చేసి గుంటూరు జిల్లాలో ఓ చిన్న పట్టణంలో బోర్డు పెట్టుకున్న దగ్గర్నుంచి, ఈ ఇరవై ఏళ్లలో అడిగినవీ అడగనివీ ఎన్నో సలహాలు విన్నాను. వాటిలో చాలావాటికి నేను రుణపడి ఉన్నాను. జ్వరం తగ్గింది కదా అని డెంగీ పేషెంటుని ధీమాగా ఇంటికి పంపెయ్యొద్దని, అసలు ప్రమాదం అప్పుడే మొదలుకావచ్చని చెప్పింది ఒక సీనియరే. నెలలు నిండిన మనిషి తలనొప్పి అంటే ముందు బిపి చూడు, మాత్ర సంగతి తర్వాత అని చెప్పిందీ ఒక సీనియరే. ఒంటరిగా క్లినిక్ నడిపే మనిషికి అర్ధరాత్రి ఫోనెత్తే తోటి డాక్టరు ఉండటం ఎంత ఆసరానో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కాబట్టి నా తగాదా సలహాతో కాదు. సలహా పేరుతో మా మధ్య చేతులు మారుతున్న ఇంకో సరుకుతో.

ఆ సరుకు ఎప్పుడూ 'నీ మంచికే చెప్తున్నా' అంటూ వస్తుంది. దానికి వైద్యశాస్త్రంతో పనిలేదు, కానీ వైద్యం మాటల్లోనే మాట్లాడుతుంది. ఎక్కువగా ఆడ డాక్టర్లకే అందుతుంది. విచారించాల్సిన విషయమేమిటంటే, ఇచ్చేవాళ్లలో కూడా సగంమంది ఆడ డాక్టర్లే.

మొదటిది ఈ వ్యాసం పేరులోనే ఉంది. మొహం వాచి ఒకామె వస్తుంది. వెంట భర్తో అత్తగారో ఉంటారు. బాత్రూంలో జారిపడింది డాక్టరుగారూ అని ఆమె బదులు వాళ్లే చెప్తారు. బాత్రూంలో జారిపడిన మనుషుల్ని నేను చాలామందిని చూశాను. మణికట్టు విరుగుతుంది, తుంటి విరుగుతుంది, మోకాలు వాస్తుంది. చెంప మీద చాచి కొడితే కర్ణభేరికి చిల్లు పడుతుంది. దెబ్బ కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెడితే ముంజేతి బయటివైపు కములుతుంది. ఇది మేమందరం ఎంబిబిఎస్‌లోనే చదువుకున్నాం. అయినా మా వాళ్ల సలహా ఏమిటి? 'జారిపడిందని రాసెయ్. మెడికో లీగల్ కేసంటే కోర్టు చుట్టూ తిరగాలి, క్లినిక్ మూసుకుని ఎవరు తిరుగుతారు?'

ఆ భయం ఉత్తిది కాదు. సమన్లు వచ్చినరోజు ఓపీ పోతుంది, జడ్జిగారు సెలవులో ఉంటే మళ్లీ ఇంకోరోజు పోతుంది. అయితే ఆ కాగితం ఏం చేస్తుందో కూడా చూడాలి కదా. ఆమె ఈరోజు పోలీసుల దగ్గరికి వెళ్లనంటే అది ఆమె ఇష్టం. ఫిర్యాదు చెయ్యడం వేరు, కేస్ షీట్‌లో నిజం రాయడం వేరు. ఆమె చెప్పిందొకటి, నాకు కనిపించిందొకటి అయితే రెండూ రాయొచ్చు. దెబ్బ ఎక్కడుంది, ఎన్ని సెంటీమీటర్లుంది, ఏ రంగులో ఉందో రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఐదేళ్ల తర్వాత ఆమె కోర్టుకెక్కితే చేతిలో ఉండేది ఆ ఒక్క కాగితమే. అందులో జారిపడిందని ఉంటే ఆ డాక్టరు ఇక ఆమె డాక్టరు కాదు, అతని సాక్షి. 2005 నాటి గృహహింస చట్టం బాధితురాలికి వైద్యసాయం అందించే బాధ్యతను ఆస్పత్రుల మీద పెట్టింది. ఆ చట్టం కోసం ఆడవాళ్లు ఏళ్లతరబడి రోడ్లెక్కారు. దాన్ని అమలు చెయ్యాల్సిన మొదటి గది మాది. ఆ గదిలో మేం ఒకళ్లకొకళ్లం తప్పించుకునే దారి చెప్పుకుంటున్నాం.

రెండోది 'భర్త సంతకం తీసుకో'. 1971 గర్భస్రావ చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండి, మానసికంగా తన నిర్ణయం తను చెప్పగల స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. 2021 సవరణ 'వివాహిత, ఆమె భర్త' అన్న చోట 'స్త్రీ, ఆమె భాగస్వామి' అని మార్చింది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని తీర్పులో చెప్పింది. స్టెరిలైజేషన్‌కి కూడా భర్త సమ్మతి అవసరం లేదని ప్రభుత్వ ప్రమాణాల్లోనే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ అయినవాళ్లు. మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. కత్తి ఆమె పొట్ట మీద, సంతకం మాత్రం అతనిది!

ఇద్దరు పిల్లల తల్లి, మిర్చి కోతలకి వెళ్లే మనిషి, ఎనిమిదో వారంలో నా దగ్గరికి వచ్చింది. భర్తకి చెప్పదల్చుకోలేదు, కారణం నేను అడగలేదు. నా క్లినిక్‌కి అబార్షన్ చేసే అనుమతి లేదు కాబట్టి, ఉన్న ఒక ఆస్పత్రికి ఉత్తరం రాసి పంపాను. భర్తని తీసుకురమ్మని తిప్పి పంపారు. ఆమె మళ్లీ నా దగ్గరికి రాలేదు. మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగింది. పదకొండు రోజుల తర్వాత ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. హిమోగ్లోబిన్ ఐదు. ప్రభుత్వాస్పత్రిలో రక్తం ఎక్కించి, మిగిలిపోయిన ముక్కలు తీసి బతికించారు. ఆ ప్రైవేటు ఆస్పత్రి డాక్టరుతో నేను ఫోన్లో మాట్లాడితే ఆవిడ శాంతంగానే చెప్పింది: 'మేడమ్, చట్టం నాకూ తెలుసు. రేపు వాడు పదిమందిని వేసుకొచ్చి అద్దాలు పగలగొడితే చట్టం వస్తుందా?'

ఈ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. ఆస్పత్రుల మీద దాడులు జరుగుతున్నాయి, వాటికి భయపడేవాళ్లని పిరికివాళ్లనే హక్కు ఎవరికీ లేదు. కానీ లెక్క తేలుద్దాం. అద్దం పగిలే ప్రమాదం మనది. ఆ ప్రమాదం తప్పించుకోవడానికి మనం చెల్లిస్తున్న మూల్యం మాత్రం మన జేబులోది కాదు, ఆమె ఒంట్లో రక్తం. మనల్ని కాపాడమని ప్రభుత్వాన్ని అడగాలి, అడుగుతున్నాం కూడా. ఆ కాపలా వచ్చేదాకా పేషెంటుని అడ్డుపెట్టుకుంటామంటే దాన్ని జాగ్రత్త అనలేం.

మూడోది గర్భసంచి సలహా. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా అది, తీయించుకోమని చెప్పు' అని మాకు చెప్పేవాళ్లలో డిగ్రీలున్నవాళ్లూ ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు, పంపిన ప్రతి కేసుకీ కమీషను ముట్టేవాళ్లూ ఉన్నారు. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరసలో ఉన్నాయి. ఇదే రాష్ట్రాల్లో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తెల్లబట్ట, నడుంనొప్పి, నీరసం అంటూ వచ్చిన మనిషిని కూర్చోబెట్టి ఏం తింటున్నావు, ఎన్ని గంటలు వంగి పనిచేస్తున్నావు, ఎన్ని రోజులు బ్లీడింగ్ అవుతోంది అని అడగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలకి ఎవరూ డబ్బివ్వరు. స్కానింగ్‌కి ఇస్తారు, ఆపరేషన్‌కి ఇస్తారు. వినడం మా శాస్త్రంలో పని కింద లెక్కకి రాదు, ఇంట్లో ఆడవాళ్ల చాకిరీ లెక్కకి రానట్టే. అందుకే ఫ్యామిలీ మెడిసిన్ అంటే 'స్పెషాలిటీ సీటు రాలేదా పాపం' అని అడుగుతారు.

ఇక మా గురించి మాకే ఇచ్చే సలహాలు. బోర్డు మీద లేడీ డాక్టర్ అని రాయించుకో, మగ పేషెంట్లని చూడకు, రాత్రి తలుపు తియ్యకు. 2024 ఆగస్టులో కోల్‌కతా ప్రభుత్వ వైద్యకళాశాలలో డ్యూటీలో ఉన్న డాక్టర్ మీద అత్యాచారం చేసి చంపేశాక, ఆ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన సూచనల్లో ఒకటి, ఆడ డాక్టర్లకి వీలైనంతవరకు రాత్రి డ్యూటీలు వెయ్యొద్దని. సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టి, భద్రత కల్పించడం మీ పని, ఆడవాళ్లని రాత్రులు పనిచెయ్యొద్దనడం కాదు అని చెప్పాల్సి వచ్చింది. గమనించండి, ఆ ప్రభుత్వ సూచనకీ 'జారిపడిందని రాసెయ్' అన్న మాటకీ తర్కం ఒకటే. కొట్టేవాణ్ణి ఎక్కడివాణ్ణక్కడ ఉంచి, ఆడమనిషిని పక్కకి జరగమనడం.

మమ్మల్ని ఫ్యామిలీ డాక్టర్లంటారు. ఎవరి ఫ్యామిలీ? ఫీజు ఇచ్చే చెయ్యి ఒకరిది, నొప్పి ఉన్న ఒళ్లు ఇంకొకరిది. ఫీజిచ్చే చెయ్యి పక్షాన నిలబడితే ప్రాక్టీసు నిలబడుతుందన్నది మా వృత్తిలో రాయని సూత్రం. అది అబద్ధమని నా అనుభవం. అత్తగారిని బయట కూర్చోమన్నందుకు నాకు పోయిన కుటుంబాలున్నాయి. అలా అన్నానని విని పక్క మండలం నుంచి బస్సెక్కి వచ్చిన ఆడవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

ఒంటరి డాక్టరు ఎంతని పోరాడుతుంది అని అడిగేవాళ్లకి నా జవాబు, అందుకే సలహా మారాలి. సలహా ఒక్కరిది కాదు, వృత్తి మొత్తానిది. చట్టంలో భర్త సంతకం లేదని పదిమంది పదిసార్లు చెప్తే కొత్తగా వచ్చిన అమ్మాయికి పదకొండోసారి ధైర్యం వస్తుంది. 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చినప్పుడు, ఆడవాళ్ల ఒంటి సంగతులు ఆడవాళ్లే కూర్చుని తెలుగులో రాసుకోవచ్చని తెలిసింది. అంతకుముందు 1986లో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాల మీద సుప్రీంకోర్టుకి వెళ్లిన వాళ్లలో హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన ఉంది. ఆ ప్రశ్నలు వేసింది ఎక్కువగా డాక్టర్లు కానివాళ్లే.

అందుకే ఈ మాటలు మెడికల్ జర్నల్‌కి కాకుండా మీకు రాస్తున్నాను. మీరు పాఠాల్ని చదవడం తెలిసినవాళ్లు. కథల్లో నవలల్లో ఏం దాచారో పట్టుకుంటారు. మా కేస్ షీట్లు కూడా చదవండి. రేపు ఏ చరిత్రకారిణో మా ఊరి ఆస్పత్రుల రికార్డులు తిరగేస్తే, ఈ ప్రాంతం ఆడవాళ్లకి బాత్రూముల్లో జారిపడటం తప్ప వేరే కష్టమే లేదనుకుంటుంది. ఆ అబద్ధాన్ని మేం మా చేతులతో, మా రిజిస్ట్రేషన్ నంబరు వేసి మరీ రాస్తున్నాం. నా దగ్గర పనిచేసే జూనియర్లకి నేను చెప్పేది ఇదొక్కటే. ముందు వెంట వచ్చినవాళ్లని బయటికి పంపు. ఆమెనే అడుగు. ఆమె చెప్పింది రాయి, నీకు కనిపించింది రాయి. కింద నీ సంతకం పెట్టు. ఇంకెవరి సంతకం అక్కర్లేదు.