గొడ్డలికే బీమా, గోటికి కాదు!

తెలుగులో జ్ఞానదంతం. హిందీలో అక్కల్ దాఢ్. గుజరాతీలో డహాపణ్ దాఢ్. ఏ భాషలో పిలిచినా దవడ చివరన మొలిచే ఆ పన్నును తెలివితోనే ముడిపెట్టారు పెద్దలు. సాధారణంగా పదిహేడు నుంచి పాతికేళ్ల మధ్య, లోకజ్ఞానం అబ్బే వయసులో వస్తుంది గనుక ఆ పేరు. సూరత్ నగరంలోని డిండోలిలో తలదాచుకునే తెలుగు మరమగ్గం కార్మికుడికి ఆ పన్ను నేర్పే లోకజ్ఞానం వేరు. రోగం ముదిరి ప్రాణం మీదికి వస్తే ఆదుకునేందుకు ఈ దేశంలో ప్రభుత్వ కార్డు ఉంది. అంతదాకా రాకుండా చూసుకునే చికిత్సకు మాత్రం సొంత జేబే దిక్కు.

సూరత్‌కు ఆగ్నేయాన, లింబాయత్, ఉధ్నా ప్రాంతాలను ఆనుకుని విస్తరించిన డిండోలి వలసజీవుల పేట. మహారాష్ట్ర, ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్ కార్మికులతో పాటు కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నేత కుటుంబాలు దశాబ్దాలుగా ఈ నగరానికి తరలివచ్చాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం బడులు నడపవలసి వచ్చిందంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు. మరమగ్గాల షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. మనిషి ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే కూలి ఆగుతుంది.

అటువంటి కార్మికుడికి ఒక రాత్రి దవడ వాచి, నోరు తెరవడమే కష్టమైందనుకుందాం. దవడలో చోటు చాలక అడ్డంగానో వాలుగానో ఇరుక్కుపోయిన జ్ఞానదంతం మీది చిగురులో చీము పట్టడం దంతవైద్యులకు నిత్యం ఎదురయ్యే సమస్యే. నేరుగా మొలిచిన పన్నయితే మత్తు సూది ఇచ్చి కొద్ది నిమిషాల్లో పీకివేస్తారు. ఇరుక్కున్న పన్నయితే చిగురు కోసి, ఎముక కొంత తొలిచి, పన్నును ముక్కలు చేసి తీసి, కుట్లు వేయాలి. కింది దవడలో ఆ పన్ను వేళ్లకు దగ్గరగానే పెదవికి స్పర్శనిచ్చే నరం సాగుతుంది. అది దెబ్బతింటే పెదవి మొద్దుబారిపోవచ్చు. అందువల్లనే ముందుగా దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే అవసరం.

ఖర్చులో తేడా ఇక్కడే వస్తుంది. నగరాల ప్రైవేటు క్లినిక్కుల్లో మామూలు పన్ను పీకడానికి వెయ్యి, రెండు వేలు సరిపోవచ్చు. ఎముక తొలిచే శస్త్రచికిత్సకు నాలుగైదు వేల నుంచి పది వేల దాకా, పెద్ద ఆసుపత్రుల్లో అంతకు మించి కూడా అవుతుంది. రోజుకు 600 రూపాయలు సంపాదించే కార్మికుడికి 6,000 రూపాయల చికిత్స అంటే పది రోజుల కూలి. వాపు తగ్గేదాకా మూడు రోజులు పనికి వెళ్లకపోతే మరో 1,800 పోతాయి. ఎక్స్‌రే, మందులు కలుపుకుంటే దాదాపు రెండు వారాల కష్టం ఒక్క పన్నుకు సమర్పణ. వైద్యుడి బిల్లులో ఎన్నడూ కనిపించని ఆ మూడు రోజుల కూలే చాలామందిని క్లినిక్ మెట్లు ఎక్కనివ్వదు. మందుల దుకాణంలో నొప్పి బిళ్ల కొనుక్కుని మళ్లీ మగ్గం ముందు నిలబడతారు.

మరి ప్రభుత్వాలు పంచిన కార్డుల మాటేమిటి? 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని ఆరంభించినప్పుడు అది పేదవాడి ధైర్యంగా నిలిచింది. ఆ మేలును కాదనలేము. 2018 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చి కుటుంబానికి ఏటా 5 లక్షల రక్షణ ప్రకటించింది. ఆ తరువాత మొదలైనది లక్షల పోటీ. గుజరాత్ 2023లో పరిమితిని 10 లక్షలు చేసింది. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ 10 లక్షలు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు అన్నాయి. 2024లో కేంద్రం 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా రక్షణ విస్తరించింది. అన్నీ ఆహ్వానించదగినవే. అయితే ఈ పథకాలన్నింటి నిర్మాణమూ ఆసుపత్రి మంచం చుట్టూ అల్లుకున్నదే. చికిత్సల జాబితాలో దవడ శస్త్రచికిత్సలకు కొంత చోటున్నా, సందు చివరి క్లినిక్‌లో కుర్చీలో కూర్చోబెట్టి పన్ను తీసి ఇంటికి పంపే వైద్యానికి ఆ కార్డు సాధారణంగా అక్కరకు రాదు.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటారు తెలుగువారు. మన ఆరోగ్య రాజకీయం దీన్ని తలకిందులు చేసింది. గోటికి పైసా ఇవ్వదు, గొడ్డలికి లక్షలిస్తుంది. నిర్లక్ష్యం చేసిన జ్ఞానదంతపు చీము కొన్ని సందర్భాల్లో దవడ కిందికి, గొంతులోకి పాకి ఊపిరికే అడ్డుపడుతుంది. అప్పుడు అత్యవసర విభాగం, ఆసుపత్రి మంచం, శస్త్రచికిత్స తప్పవు. కార్డుకు పని పడేది అప్పుడే! ఆరు వేలతో ముగియవలసిన బాధకు ప్రభుత్వమే ఎన్నో రెట్లు చెల్లిస్తుంది. కార్మికుడు చెల్లించే మూల్యం ప్రాణభయం.

దేశ వైద్య వ్యయంలో ప్రజలు సొంతంగా భరించే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని కేంద్రం ఘనంగా చెప్పుకుంటుంది. తగ్గితే మంచిదే. కాని పీకించుకోలేక నొప్పి బిళ్లతో నెట్టుకొచ్చిన పన్ను ఏ లెక్కలోనూ చేరదు. చేయించుకోని చికిత్సకు రసీదు ఉండదు కదా.

ఈఎస్ఐ ఉన్నది ఇందుకే కదా అనవచ్చు. పదిమంది కన్నా తక్కువ పేర్లు చూపించే షెడ్డుల్లో, హాజరు పట్టీలో పేరే లేని కార్మికుడికి ఆ గడప దూరమే. పేరున్నవాడికీ పూర్తి ఊరట లేదు. జబ్బు సెలవుకు వేతనంలో 70 శాతం ఇవ్వాలన్న ఏర్పాటు, మామూలుగా మొదటి రెండు రోజులను మినహాయించింది. మూడు రోజులు మంచం పట్టినవాడికి దక్కేది ఒక్క రోజు భత్యం!

అలాగని తప్పంతా దంతవైద్యుల మీదికి నెట్టడం అన్యాయం. దేశంలో 300కు పైగా దంతవైద్య కళాశాలలున్నాయి, వాటిలో అత్యధికం ప్రైవేటువే. అప్పు చేసి చదివిన యువ వైద్యులు అద్దె గదిలో, అప్పు మీద కొన్న కుర్చీతో క్లినిక్ తెరుస్తున్నారు. 2014లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైనా, పట్టణ ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుడు ఉండి తీరాలన్న పట్టుదల పాలకులకు కలగలేదు. పట్టభద్రులకు కొదవ లేదు, పేదవాడికి చికిత్స లేదు. ఇది కొరత కాదు, ప్రాధాన్య లోపం.

మరొక ప్రశ్న కూడా ఉంది. నొప్పీ జబ్బూ లేని ఇరుకు పన్నును ముందుజాగ్రత్త పేరిట పీకనక్కరలేదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2000లోనే మార్గదర్శకం ఇచ్చింది. ఇక్కడ నాలుగూ తీసేయాలని చెబితే అది అవసరమో, వ్యాపారమో తేల్చుకునే దారి రోగికి లేదు. ధరల పట్టిక బహిరంగంగా ప్రదర్శించాలని కేంద్ర వైద్యసంస్థల చట్టం కింద 2012లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ప్రామాణిక ధరల సంగతి తేల్చలేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగా నిలదీసింది. గుజరాత్‌కు ఈ విషయంలో సొంత చట్టమే ఉంది. ఏ చట్టమైతేనేమి, ఎముక తొలిచే చికిత్సకు ఎంత, పెదవి మొద్దుబారే ప్రమాదమెంత అన్నది కార్మికుడికి అర్థమయ్యే భాషలో చెప్పేవారెవరు?

డిండోలి నవసారి లోక్‌సభ స్థానం పరిధిలోనిది. అక్కడ లక్షల ఆధిక్యతతో విజయాలు నమోదవుతాయి. పక్కనున్న సూరత్ స్థానంలో 2024లో పోలింగే అవసరం లేకుండా ఫలితం తేలిపోయింది. పోటీ లేనిచోట ప్రశ్న ఉండదు. ప్రశ్న లేనిచోట పంటినొప్పి మేనిఫెస్టోకు ఎక్కదు. సొంత రాష్ట్రం దృష్టిలో వలస కార్మికుడు ఊరు విడిచినవాడు, వచ్చిన రాష్ట్రం దృష్టిలో బయటివాడు.

చేయవలసినది అసాధ్యమేమీ కాదు. ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుడు, దవడ ఎక్స్‌రే సదుపాయం, షిఫ్టు ముగిసినవారికి సాయంత్రపు వేళలు. బీమా పథకంలో బయటి రోగి చికిత్సకు కొద్దిపాటి మొత్తం. హాజరు పట్టీలోకి ప్రతి కార్మికుడి పేరు. లక్షల అంకెలు పెంచడం కన్నా వీటికయ్యే ఖర్చు స్వల్పం, కలిగే మేలు తక్షణం. అంకె ఎంత పెద్దదన్నది కాదు, తొలి నొప్పినాడే ఆ కార్డు తలుపు తెరిపించగలదా అన్నదే పాలకుల జ్ఞానానికి పరీక్ష.