డిసెంబరు వస్తే మైదానం ఎందుకు ఖాళీ అవుతుంది?

నవంబరు మూడో వారం దాకా మా బడి మైదానంలో సాయంత్రం పూట ఇరవై మంది పిల్లలు పరుగెడుతుంటారు. డిసెంబరు మొదటి వారానికి అక్కడ మేసే రెండు మేకలు తప్ప ఎవరూ ఉండరు. ఆటల పోటీలు అయిపోయాయి, అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడ్డాయి, చలి మొదలైంది. ఈ మూడు కారణాలూ చెప్పి గేటుకు తాళం వేసేస్తాం. మళ్లీ జూన్‌లోనో జూలైలోనో తాళం తీసి, ‘పోటీలొస్తున్నాయి, పరుగెత్తండి’ అంటాం. హొసూరు చుట్టుపక్కల తెలుగు బడుల్లో పనిచేసిన ఇన్నేళ్లలో ఈ తంతు ఏటా చూస్తూనే ఉన్నాను. చాలా ఏళ్లు ఆ తాళం వేసిన చేయి నాదే.

నాలుగేళ్ల కిందటి సంగతి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె 1500 మీటర్ల పరుగులో జిల్లా స్థాయి దాకా వెళ్లి మూడో స్థానంలో వచ్చింది. కాళ్లకు బూట్లు కూడా లేవు. నవంబరు చివర ఆ అమ్మాయిని పిలిచి, ‘ఇక చాలు తల్లీ, పరీక్షలు చూసుకో’ అన్నాను. చెప్పిన మాట వినే పిల్ల, విన్నది. పదో తరగతిలోకి వచ్చాక పోటీలకు పేరివ్వమంటే రెండు రౌండ్లు తిరిగి కూలబడింది. పోటీకి ఇంకా మూడు వారాలే ఉన్నాయని రోజూ గట్టిగా పరుగెత్తించాం. పదో రోజుకు ముంగాలి ఎముక వెంబడి నొప్పి మొదలైంది. నడవడానికే కష్టమైతే పోటీ ఎక్కడిది? ‘అంత బాగా పరుగెత్తేదానివి, ఎందుకిలా అయింది?’ అని అడిగాను. ‘మీరే కదా టీచర్ ఆపమన్నది’ అంది. కోపంగా కాదు, ఉన్న మాటగానే అంది.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. పరుగు ఆపించిన ఆ ఏడాది ఆ అమ్మాయి మార్కులేమీ పెరగలేదు. మిగిలిన ఆ గంట పుస్తకానికి పోలేదు. టీవీకి పోయింది.

పరుగెత్తే శరీరం గురించి ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను. తెలిసినదాంట్లో ముఖ్యమైనది ఇదీ: సాధన పూర్తిగా మానేస్తే రెండు మూడు వారాల్లోనే దమ్ము తగ్గడం మొదలవుతుంది. నెలల తరబడి కూడబెట్టినది అంత త్వరగా కరిగిపోతుంది. మళ్లీ మొదలుపెడితే గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో కోలుకుంటాయి. ఎముకలు, వాటికి కండరాలను కట్టి ఉంచే నరాల్లాంటి కట్లు మాత్రం అంత తొందరగా గట్టిపడవు. ఊపిరి ‘పరుగెత్తు’ అంటుంటే కాలు ‘వద్దు’ అంటుంది. మా అమ్మాయికి వచ్చిన నొప్పికి కారణం ఇదే. పిల్ల బద్ధకమూ కాదు, అదృష్టం బాగోలేకపోవడమూ కాదు. ఏడు నెలల విరామం, ఆపైన మూడు వారాల తొందర. రెండూ మేం చేసినవే.

చలికాలం విశ్రాంతి కాలం కాదు, పునాది వేసే కాలం. ఇది నేను కనిపెట్టిన మాట కాదు. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు ఉండేవాడు. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ తన వీధి చుట్టుపక్కల కుర్రాళ్లకు పరుగు నేర్పినవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలోను ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. స్నెల్ 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. రెండు నిమిషాల్లోపు ముగిసే పరుగు కోసం స్నెల్ ఆదివారాలు కొండదారుల్లో దాదాపు 35 కిలోమీటర్లు పరుగెత్తేవాడు. పోటీలు లేని నెలల్లో నెలల తరబడి దూరం, పోటీలు దగ్గరపడ్డాకే వేగం. లిడియార్డ్ పద్ధతి ఇదే. మన పిల్లలు 35 కిలోమీటర్లు పరుగెత్తనక్కర్లేదు, పరుగెత్తకూడదు కూడా. ఆ క్రమం మాత్రం మనకూ పనికొస్తుంది.

పైగా మన వైపు చలి పరుగుకు శత్రువు కాదు. హొసూరు, తళి ప్రాంతంలో తెల్లవారుజామున 12, 13 డిగ్రీలకు పడిపోయే రోజులు ఉంటాయి. సాయంత్రం నాలుగున్నరకు హాయిగా ఉంటుంది. పరుగెత్తే మనిషి ఒళ్లు తనే వేడి పుట్టిస్తుంది. ఏప్రిల్ ఎండలో ఆ వేడిని వదిలించుకోవడానికే సగం శక్తి పోతుంది. డిసెంబరులో ఆ బాధ లేదు. దూరం పరుగెత్తడానికి దేవుడిచ్చిన మూడు నెలలు ఇవి. మనం సరిగ్గా ఆ మూడు నెలలే తాళం వేస్తున్నాం.

మరి చలిలో లేవాలంటే ఒళ్లు బరువు కదా, ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది అంటారు. ఇక్కడే మనం ఒక పొరపాటు చేస్తున్నాం. పరుగంటే తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, చన్నీళ్ల స్నానం, పట్టుదల అని పిల్లలకు ఉపన్యాసం ఇస్తాం. నేనూ ఇచ్చాను. మూడో రోజుకు ఎవరూ రారు. రాకపోతే ‘ఈ కాలం పిల్లలకు పట్టుదల లేదు’ అని తీర్మానిస్తాం. అసలు ఆ వేళకు మా పిల్లలు ఏం చేస్తుంటారో చూద్దాం. కొందరు చామంతి తోటలో పూలు కోస్తుంటారు. కొందరు పాలు పిండి సొసైటీకి పోస్తుంటారు. పొద్దున పూట వాళ్లది కాదు, ఇంటిది.

దానికి తోడు చీకటి. అతి తక్కువ పగలు డిసెంబరు 21, 22 తేదీల్లో అయినా, మన వైపు సూర్యోదయం జనవరి నెలాఖరు దాకా ఆలస్యమవుతూనే ఉంటుంది. అప్పటికి పొద్దు పొడిచేసరికి ఆరుంముప్పావు. సరిగ్గా రాగి కోతల వేళకే బన్నేరుఘట్ట అడవుల వైపు నుంచి ఏనుగుల మందలు జవళగిరి, డెంకణికోట, సానమావు అడవుల్లోకి వస్తాయి. రాత్రి పొలాల్లోకి దిగి, తెల్లవారేలోపు మళ్లీ అడవికి మళ్లుతాయి. అడవి అంచు ఊళ్ల పిల్లలను చీకట్లో రోడ్డు మీద పరుగెత్తమనడం పట్టుదల నేర్పడం కాదు, ప్రమాదంలోకి నెట్టడం. మిగతా రోడ్ల మీద మంచు, ఫ్యాక్టరీ బస్సులు, ఆరబోసిన రాగి కంకులు. చీకట్లో వాటి మీద కాలు జారితే మడమ మడతపడుతుంది.

అందుకే మా బడిలో పరుగును సాయంత్రానికి మార్చాం. బడి వదిలాక నాలుగున్నర నుంచి ఐదుంపావు దాకా. డిసెంబరులో కూడా ఆరింటి దాకా వెలుతురు ఉంటుంది. ఐదున్నరకల్లా ఒకే దారిలో వెళ్లే పిల్లలు గుంపుగా ఇంటికి చేరుతారు. ఆడపిల్లల తల్లులు మొదట ఒప్పుకోలేదు. గుంపులో ఎవరెవరు ఉంటారో, ఎన్నింటికి బయలుదేరుతారో ఒక కాగితం మీద రాసి పంపాక ఒప్పుకున్నారు. వాళ్లు అడిగింది పరుగు గురించి కాదు, ఇంటికి చేరే వేళ గురించి.

రెండో మార్పు స్టాప్‌వాచ్‌ని బీరువాలో పెట్టడం. దాని బదులు ఒక హాజరు పట్టీ తెచ్చాను. పేరు, తేదీ, ఎన్ని నిమిషాలు, పరుగెత్తుతూ మాట్లాడగలిగావా లేదా. ఈ నాలుగే గడులు. ఎవరి గడి వాళ్లే నింపుతారు. చలికాలంలో వేగం అడగను, వచ్చారా లేదా అని మాత్రమే అడుగుతాను. వారానికి నాలుగు రోజులు. మూడు రోజులు పాతిక, ముప్పై నిమిషాలు నిదానంగా. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే. నాలుగో రోజు గుంజీలు, తాడాట, మునివేళ్ల మీద లేవడం, చివర గడ్డి మీద ఆరు చిన్న పరుగులు, ఒక్కోటి ఎనభై మీటర్లు, వేగంగానే కానీ ఆయాసం లేకుండా. ఏ వారమూ కిందటి వారం కంటే బాగా ఎక్కువ చేయం. నెలకొకసారి 1500 మీటర్లు పరుగెత్తి ఎలా అనిపించిందో రాస్తారు. పోటీ లేదు.

ఒక ఒప్పందం కూడా పెట్టుకున్నాం. మనసు లేకపోయినా వచ్చి పది నిమిషాలు పరుగెత్తాలి. ఆ తర్వాత ఇంటికి పోతానంటే ఎవరూ ఏమీ అనకూడదు. పోయినవాళ్లు బహు తక్కువ. బద్ధకమంతా మొదటి పది నిమిషాల్లోనే ఉంటుంది. ఇక ఇంటి పక్కవాళ్లను జంటలుగా కలిపాం. ఒకరు రాకపోతే రెండోవారు కనుక్కోవాలి. ‘నీ కోసం నువ్వు పరుగెత్తు’ అంటే కదలని పిల్ల, ‘నీ కోసం అక్కడ ఒకతె నిలబడి ఉంది’ అంటే వస్తుంది. పెద్దవాళ్లమూ అంతే. నలభై దాటాక నేను పరుగు మొదలుపెట్టింది ఆరోగ్యం మీద శ్రద్ధతో కాదు. పట్టీ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ‘మీరెందుకు నిలబడ్డారు టీచర్?’ అని ఆరో తరగతి పిల్లవాడు అడిగాడు. జవాబు దొరక్క పరుగెత్తాను.

చలికాలపు జాగ్రత్తలు కొన్ని తప్పనిసరి. చలికి బిగుసుకున్న కండరాన్ని నిలబెట్టి సాగదీయకూడదు. ముందు పది నిమిషాలు నడక, మెల్లటి పరుగు. చెవులకు గుడ్డ కట్టుకుంటే మంచిది. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి, చలిలో దాహం తెలియదు. పరుగు అయ్యాక తడిసిన చొక్కా వెంటనే మార్చాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు చల్లగాలి పడదు. డాక్టరును అడిగాకే, ముక్కు మీద గుడ్డతో, మెల్లగా మొదలుపెట్టాలి. ముక్కు కారుతుంటే మెల్లగా పరుగెత్తవచ్చు. జ్వరమో, ఛాతీలో దగ్గో ఉంటే పట్టీలో సెలవు. తెల్లవారి పరుగెత్తే పెద్దలు లేత రంగు బట్టలు వేసుకుని, వచ్చే వాహనం కనిపించేలా రోడ్డుకు కుడివైపున పరుగెత్తాలి. ధనుర్మాసంలో గుడి వీధులు, ముగ్గులు వేసే వీధులు తొందరగా మేలుకుంటాయి. ఊరి బయటి రోడ్డు కంటే అవే నయం. భోగి నాడు మాత్రం పొద్దున పరుగు వద్దు. టైర్లు తగలబెట్టిన పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తిండికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. రాగి ముద్ద, అనపకాయల కాలంలో పితికిపప్పు కూర, వేరుశెనగలు, జామకాయ. అన్నీ మన పొలాల్లోవే. పెరిగే వయసు ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గని అమ్మాయిని తిట్టే ముందు రక్తపరీక్ష చేయించాలి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రను పిల్లలు చాటుగా పారేయకుండా చూడాలి.

‘వ్యాయామ ఉపాధ్యాయుడే లేని చిన్న బడి, ఉన్న ఇద్దరమూ నాలుగేసి సబ్జెక్టులు చెబుతున్నాం, ఇదెక్కడ కుదురుతుంది?’ అని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పోటీకి ముందు వేగం నేర్పడానికి తెలిసినవాడు కావాలి. నిదానపు పరుగుకు మైదానంలో ఒక పెద్ద మనిషి ఉంటే చాలు. నేను మెట్ల మీద కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుకునేదాన్ని. నేను రాని రోజు ఇంకొకరు వస్తారు, ఎవరూ లేకపోతే పరుగు లేదు. కుదరనిది పదో తరగతి ప్రత్యేక తరగతుల కోసం ఆటల పీరియడు కూడా తీసేసుకోవడం. దాన్ని మాత్రం మనం మానుకోవాలి.

ఇది పతకాల మాట కూడా కాదు. మా ఊరి కుర్రాళ్లలో సగం మంది చూపు పోలీసు ఉద్యోగం మీదో, సైన్యం మీదో ఉంటుంది. తమిళనాడు పోలీసు ఎంపికలో మగవాళ్లు 1500 మీటర్లు ఏడు నిమిషాల్లో పరుగెత్తాలి. సైన్యంలో అగ్నివీర్ ఎంపికకు 1600 మీటర్ల పరుగు ఉంది. ప్రకటన వచ్చాక నెల రోజులు పరుగెత్తి కాళ్లు విరగ్గొట్టుకునే కుర్రాళ్లను ఏటా చూస్తున్నాం. రాత పరీక్షకు ఏడాది చదివినవాడు పరుగుకు నెల చాలనుకుంటాడు. అలా అనుకోవడం నేర్పింది మనమే, డిసెంబరులో తాళం వేసి.

కిందటి చలికాలం పద్నాలుగు పేర్లతో మొదలైన పట్టీలో ఫిబ్రవరి చివరికి తొమ్మిది మిగిలాయి. రికార్డులేమీ బద్దలు కాలేదు. ఈసారి పోటీల ముందు మాత్రం కాలి నొప్పితో కూర్చున్న పిల్ల ఒక్కరూ లేరు.

ఈ వారం అర్ధ సంవత్సర పరీక్షల టైంటేబుల్ నోటీసు బోర్డు మీద అంటించాం. దాని పక్కనే కొత్త పట్టీ కూడా అంటించాను. మొన్నటికి పదకొండు పేర్లు వచ్చాయి. మీ బడిలోనూ ఒక కాగితం అంటించి చూడండి. గేటు తాళంచెవి ఎక్కడుందో మీకు తెలుసు.