భుజముమీది మచ్చ



మా శంకరంపేటలో పొరుగింటి యామె మూడువారములుగా దగ్గుచుండెను. ఆసుపత్రికి పొమ్మని మేము చెప్పగా, ఆమె యెడమభుజముమీది టీకామచ్చను చూపి, “ఇది యుండగా నాకు క్షయ యెట్లు వచ్చునక్కా?” అనెను. ఈ నమ్మకము మనలో పెక్కుమందికి గలదు. కావున ఈ నెల ఆ మచ్చను గూర్చియే ముచ్చటింతము.

ఆ మచ్చ బి.సి.జి. టీకాది. ఫ్రాన్సుదేశపు కాల్మెట్, గెరెన్ అనువారు పశువుల క్షయక్రిమిని పదుమూడేండ్లు పెంచి పెంచి, దాని తీవ్రతను పోగొట్టి యీ టీకా సిద్ధముచేసిరి. 1921లో మొదట నొక శిశువున కిచ్చిరి. మన దేశమున 1948లో ఆరంభమయ్యెను. ఆ తొలి తావులలో మదనపల్లె యొకటి. అచటి ఆరోగ్యవరము వైద్యులు 1950 మొదలు చుట్టుపట్ల జనులను ఇరువదేండ్లు గమనించిరి, ఫలము స్వల్పమే. 1968లో తమిళనాట చెంగల్పట్టు జిల్లాలో రెండు లక్షలకు పైబడినవారితో సాగించిన పరీక్షలో, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయ నీ టీకా ఆపలేదని తేలెను. బ్రిటనులో బడిపిల్లలకు బాగుగా పనిచేసిన టీకాయే యిది!

ఏల యిట్లు? మన మంటిలో నీటిలో క్షయక్రిమికి జ్ఞాతులైన క్రిములు మెండు. వానికి అలవడిన దేహమున టీకా క్రొత్తగా చేయునది కొంచెమే యని యొక వాదము. రెండవది నియంత్రణకణముల మాట. వీనిని 1995లో గుర్తించిన జపాను పండితుడు సకాగుచికి, మరి యిరువురు అమెరికావారితోపాటు, 2025లో నోబెలు బహుమానము లభించెను. విరాటుని కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినపుడు భీముని ధర్మరాజు వారించెను గదా! ఆ వారింపు లేనిచో అజ్ఞాతవాసము భంగమగును. కాని యా క్షణమున కీచకుడు బ్రదికిపోయెను. ఈ కణములును అట్టివే. దేహము తన్ను తానే చెరుపుకొనకుండ రక్షకకణములను పట్టి యుంచును. ఆ పట్టువలననే టీకా నేర్పిన పౌరుషమును కొంత తగ్గవచ్చును. కడుపులో నులిపురుగులున్నవారి యందు ఈ పట్టు హెచ్చునని పరిశోధకుల తలంపు. ఇదియే ముఖ్యకారణమని మాత్ర మింకను నిర్ణయము కాలేదు.

అట్లని టీకా వ్యర్థమనుకొనరాదు. పసిబిడ్డలను మెదడుపొరల క్షయనుండియు, ఒడలెల్ల ప్రాకు క్షయనుండియు అది చక్కగా కాపాడును. బిడ్డ పుట్టగానే వేయింపవలెను. కొన్ని వారములకు పొక్కి చిన్నపుండై తానే మానును. పసుపుగాని లేపనముగాని పూయరాదు.

మరునాడు మేమును వెంటబోయి ఆమెకు కళ్లెపరీక్ష చేయించితిమి. క్షయయే! మందు ఆరంభమైనది. ఆమె యొడిలో పెరుగుచున్న మనుమరాలిని గూడ వైద్యులు పరీక్షించిరి. ఆ మచ్చ పసితనపు కాపు మాత్రమే, జీవితమంతటికి కవచము కాదు. రెండువారములు మించిన దగ్గునకు కళ్లెపరీక్షయే శరణ్యము. సర్కారు ఆసుపత్రిలో అది ఉచితము.