బుడమేరు దారి తెలిసినవాళ్లు కౌన్సిల్‌లో కూర్చోవాలి

బెజవాడ ఓటర్లారా!

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల మీద పడింది. పాలప్యాకెట్టుకూ మంచినీళ్లకూ పడవ కోసం చూశాం. 2005లోనూ మునిగాం. గండ్లు పూడ్చారు, సాయం పంచారు. కొల్లేరుకు పోవాల్సిన ఏటికి మన ఊళ్లో దారెంత మిగిలిందో మాత్రం ఓటడగడానికి వచ్చినవాళ్లెవరూ చెప్పరు, మనమూ అడగం.

ఊరి పటం చదవగలిగినవాడి చేతికి అధికారం వస్తే ఏమవుతుందో బ్రెజిల్‌లోని కురిటిబాలో చూడొచ్చు. ఆర్కిటెక్టుగా, నగర ప్రణాళికా సంస్థలో పనిచేసిన జైమె లెర్నర్ 1971లో అక్కడ మేయరయ్యారు. ఆ ఊరికీ వరద బాధే. నదుల పక్క పల్లాలు ప్లాట్లు కాకముందే వాటిని బరిగుయి లాంటి పార్కులుగా, చెరువులుగా మార్చారు. వాన ముదిరితే ముందు మునిగేది పార్కే. మెట్రో తవ్వే స్తోమత లేక 1974లో బస్సులకు రోడ్డు మధ్యన ప్రత్యేక దారి వేశారు, ఎత్తయిన భవనాలను ఆ దారి వెంబడే కట్టనిచ్చారు. ఇళ్లెక్కడ పెరగాలి, బస్సెక్కడ తిరగాలి అన్నవి ఒకే కాగితం మీద తేల్చారు. కిటుకంతా అక్కడే ఉంది. మొదటి రెండుసార్లు ఆయన్ని సైనిక పాలన నియమించిన మాటా నిజమే, జనం ఓటుతో గెలిచింది 1988లో. మన చేతిలో ఓటు ఎప్పటినుంచో ఉంది.

రాజ్యాంగం 12వ షెడ్యూలులో పురపాలికలకు అప్పగించదగ్గ పనులు 18. వాటిలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలుండాలనీ రాజ్యాంగంలోనే రాసుంది. కార్పొరేటరంటే డ్రైనేజీకి, వీధి దీపానికి ఫోను చేసే మనిషేనని మనం సరిపెట్టుకున్నాం. ఆ పనులూ కావాలి, కాదనం. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందే నీళ్లెటు పోతాయని అడిగే గొంతు కూడా కౌన్సిల్‌లో ఉండాలి.

ప్రణాళిక చదువు చెప్పే జాతీయ సంస్థ 2008 నుంచి మన ఊళ్లోనే ఉంది. అక్కడ చదివినవాళ్లు, రిటైరైన టౌన్ ప్లానింగ్ ఉద్యోగులు, ఇంజనీర్లు పోటీకి దిగండి. పార్టీలూ, 64 డివిజన్లలో కొన్నయినా ఇలాంటివాళ్లకు ఇవ్వండి.

అభ్యర్థి గుమ్మంలోకి వస్తే కరపత్రం తీసుకుని ఊరుకోకండి. డివిజన్ పటం ముందు పెట్టి, వాన నీరు ఎటు పోతుందో వేలితో చూపించమనండి. చూపించలేనివారికి ఓటు వేయకండి.