ఆరుబయట ఒక రాత్రి

కార్తీకమాసం రాగానే మనవారు వనభోజనాలకు తరలి వెళ్తారు. ఉసిరిచెట్టు నీడన విస్తళ్ళు పరచి, పులిహోర, దప్పళం ఆరగించి, ప్రొద్దు గూకేలోగా ఇల్లు చేరుకొంటారు. అడవితో మనది పగటి స్నేహమే కాని రాత్రి పరిచయం కాదు. ఒకప్పుడు వేసవి రాత్రులలో వాకిట నులకమంచం వేసుకొని చుక్కలను లెక్కించే అలవాటైనా ఉండేది. పట్టణాలలో అదీ చాలవరకు పోయింది. కావుననే గుడారం భుజాన వేసుకొని కొండకో, ఏటి ఒడ్డుకో వెళ్ళి రాత్రి గడిపి రావడం నేటి విద్యార్థులకు ఒక కొత్త వేడుక అయింది. దీనిని మెచ్చుకొనేవారు ఉన్నారు, చూసి భయపడేవారూ ఉన్నారు. నేను మెచ్చుకొనేవారి పక్షమే. అయితే భయపడేవారి మాటను తోసిపుచ్చి కాదు.

మారేడుమిల్లి కొండలలోనో, లంబసింగి దాపులనో గుడారం వేసిన తొలి గంటలో ఏమీ తోచదు. వినడానికి మాటలు, చూడడానికి దీపాలు లేకపోవడం వెలితిగా ఉంటుంది. తరువాత మెల్లగా చెవులు తెరచుకొంటాయి. కీచురాళ్ళ రొద వెనుక వాగు సవ్వడి, దాని వెనుక ఎక్కడో గుడ్లగూబ పిలుపు వేరువేరుగా వినవస్తాయి. చీకటికి అలవాటుపడిన కంటికి ఆకాశం ఒక్కసారిగా నిండిపోయినట్లు కనిపిస్తుంది. కృత్తికలను మన పల్లెవాసులు 'పిల్లలకోడి' అని ఎందుకన్నారో పుస్తకంలో చదివితే తెలియదు. పాలపుంత అన్న మాటకు అర్థం నగరపు మేడమీద బోధపడదు. మూడు రాళ్ళ పొయ్యిమీద సగం మాడిన కిచిడీ కూడా అక్కడ అమృతతుల్యమే. ఇంట్లో అదే వండితే కంచం తోసివేస్తాం! వేగుజామున అడవికోడి కూతకు మేలుకొని, మంచు కారుతున్న గుడారపు తెర తొలగించి చూసినవాడు ఆ ఉదయాన్ని సులభంగా మరువలేడు.

ఈ సుఖంలో శిక్షణ కూడా ఉంది. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లాండులోని బ్రౌన్సీ ద్వీపానికి సుమారు ఇరవైమంది బాలురను తీసుకొనిపోయి గుడారాలలో ఉంచాడు. స్కౌటు ఉద్యమానికి అదే అంకురం. మన ఎన్.సి.సి. శిబిరాలకు వెళ్ళివచ్చిన విద్యార్థులను అడిగితే, నీళ్ళు ఎవరో పట్టి పెట్టరని, పక్క ఎవరో వేయరని తొలిసారి అక్కడే తెలిసిందని చెబుతారు.

ఇక ప్రమాదాల సంగతి. అడవి అనగానే మనకు పులి గుర్తుకు వస్తుంది. కాని పులి సాధారణంగా మనిషి అలికిడి వింటే తప్పుకొనిపోయే జంతువు. మనం భయపడవలసినవి వేరు. వాటిలో మొదటిది నీరు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, ఎగువనున్న లార్జి జలాశయం నుండి ఒక్కసారిగా నీరు వదలగా, హైదరాబాదు నుండి విహారానికి వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు కొట్టుకొనిపోయారు. అంతకు కొంత సేపటి క్రితం వారు నిలబడింది చూపులకు నిరపాయమైన రాళ్ళమీదనే. వారికి హెచ్చరిక అందలేదు. ఆ పిల్లలను అజాగ్రత్తపరులని నిందించడం అన్యాయం.

మన కొండవాగులూ అటువంటివే. ఎండిన వాగులోని ఇసుక మెత్తగా, చదునుగా ఉండి గుడారానికి రమ్మని పిలుస్తుంది. తలపైన ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువ కొండపై కురిసిన వాన అర్ధరాత్రి అక్కడికి చేరవచ్చు. ఒడ్డునున్న పొదల కొమ్మలకు గడ్డీగాదం చిక్కుకొని ఉందేమో చూడాలి. వెనుకటి వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ చెత్తే చెబుతుంది. తేటగా పారుతున్న నీరు ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగి, ఆకులు, పుల్లలు కొట్టుకొని వస్తుంటే సామాను సంగతి మరచి గట్టెక్కాలి. జలాశయాల దిగువనైతే అసలు ఏటిలోనికి దిగకపోవడమే మేలు.

రెండవది కట్లపాము. నాగుపాము పడగ విప్పి బెదిరిస్తుంది. కట్లపాము అలా హెచ్చరించదు. అది రాత్రి సంచరించే ప్రాణి. నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. కాటువద్ద నొప్పి, వాపు దాదాపు ఉండవు. అందుచేత చాలామందికి పాము కరిచిందన్న సంగతే తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తాయి. క్రమంగా ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. గాయాన్ని కోయడం, తాడు బిగించడం, మంత్రగాని కోసం పరుగెత్తడం వలన విలువైన కాలం వృథా అవుతుంది. కరిచిన అవయవాన్ని కదలనీయక, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే మార్గం. ఆ ఆసుపత్రి ఎక్కడ ఉన్నదో ముందుగానే తెలిసి ఉండాలి. అడవిలో ఫోను పలకకపోవచ్చు. పరుపు క్రిందికి అంచులు బాగా దోపిన దోమతెర ఈ పామునూ ఆపుతుంది, మన్యపు మలేరియానూ ఆపుతుంది. ఇంత చవకైన రక్షణ మరొకటి నాకు తోచదు.

చలికి ఓర్వలేక మూసిన గుడారంలో నిప్పుల కుంపటి పెట్టుకోవడం మరొక మృత్యుద్వారం. బొగ్గులనుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే పోతాడు. చలిమంట బయటనే ఉండాలి. పడుకొనే ముందు నీళ్ళు పోసి, మన్ను కప్పి పూర్తిగా ఆర్పాలి. ఆకు రాలి ఎండిపోయిన వేసవి నల్లమలకు ఒక్క నిప్పురవ్వ చాలు. అభయారణ్యాలలో అటవీశాఖ అనుమతి లేనిదే బస చేయరాదన్న నియమాన్ని కొందరు యువకులు చాదస్తంగా భావిస్తారు. రాత్రివేళ అడవి మన ఇల్లు కాదు, అక్కడి ప్రాణులది అన్న సంగతి వారు మరచిపోతున్నారు.

దుర్ఘటన జరిగినప్పుడల్లా విహారయాత్రలన్నీ మాన్పించాలని కొందరు అంటారు. బిడ్డను పోగొట్టుకొన్న ఇంటి ముందు నిలబడి ఆ మాటను కాదనడం కష్టమే. అయినప్పటికీ నిషేధం వలన విద్యార్థులు వెళ్ళడం మానరు. చెప్పకుండా వెళ్తారు. చెప్పకుండా వెళ్ళినవారిని వెదకడానికి ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. దానికంటె కళాశాలలే ఈ విద్యను నేర్పడం మంచిదని నా అభిప్రాయం. తొలి రాత్రికి అడవి అక్కరలేదు. కళాశాల మైదానంలోనే గుడారాలు వేయించి, మంట వెలిగించడం, ఆర్పడం, దోమతెర అంచులు దోపుకోవడం నేర్పవచ్చు. అక్కడ పులి ఉండదు. దోమలు మాత్రం తప్పక ఉంటాయి.