ఆపరేషన్ సక్సెస్.. పాదం మాత్రం పైకి లేవట్లేదు! ‘ఫుట్ డ్రాప్’ బాధితుల బాధ్యత ఎవరిది?

నడుము ఆపరేషన్ బాగానే జరిగింది. కాలిలోకి లాగే నొప్పి కూడా తగ్గింది. కానీ లేచి నడవబోతే పాదం ముందు భాగం పైకి రావట్లేదు. వేళ్లు నేలకు రాసుకుంటున్నాయి, గడప దగ్గర తట్టుకుంటున్నాయి, చెప్పు జారిపోయినా తెలియట్లేదు. దీన్నే డాక్టర్లు ‘ఫుట్ డ్రాప్’ అంటారు. వెన్నెముక సర్జరీలు జిల్లా కేంద్రాల దాకా వచ్చేసిన ఈ రోజుల్లో, ఆపరేషన్ తర్వాతి వైద్యం మాత్రం చాలా చోట్ల రోగి ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతోంది.

అసలు ఎందుకిలా?

నడుము కింది భాగంలో ఎల్-5 అనే నరం వేరు ఉంటుంది. పాదాన్ని, బొటనవేలిని పైకి లేపే కండరాలకు ప్రధానంగా ఆదేశాలు వెళ్లేది దీని ద్వారానే. డిస్క్ జారి ఈ నరం నలిగినా, సర్జరీలో దాన్ని పక్కకు జరిపేటప్పుడు దెబ్బతిన్నా, తర్వాత అక్కడ రక్తం గడ్డకట్టి ఒత్తిడి పడినా పాదం వాలిపోతుంది. అలాగని ప్రతి కేసులోనూ తప్పు డాక్టర్‌దే అనలేం. చాలామందిలో ఆపరేషన్‌కు ముందే నరం బలహీనపడి ఉంటుంది. అందుకే సర్జరీకి ముందు పాదం బలం ఎంతుందో 0 నుంచి 5 గ్రేడ్‌లలో కేస్ షీట్‌లో రాయించుకోవడం కీలకం. ఆ అంకె లేకపోతే, నష్టం ముందుదా తర్వాతదా అన్నది ఎవరూ తేల్చలేరు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. ఆపరేషన్ తర్వాత ఉన్నట్టుండి బలహీనత పెరిగినా, మూత్రం ఆగిపోయినా, మల విసర్జన అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అది ఎమర్జెన్సీ. రేపు చూద్దాంలే అనుకోకుండా గంటల్లో ఆస్పత్రికి చేరాల్సిందే.

నరం లెక్క వేరు.. ప్యాకేజీ లెక్క వేరు

తెగిన నరం తిరిగి పెరగాలంటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటర్ చొప్పున పెరుగుతుంది. నడుము నుంచి మోకాలి కింద కండరం వరకు ఉన్న దూరం అర మీటరు పైమాటే. అంటే ఏడాదిన్నర దాటుతుంది. మరోవైపు నరం అందని కండరం సుమారు 12 నుంచి 18 నెలల్లో కోలుకునే శక్తిని కోల్పోతూ వస్తుంది. ఊరటనిచ్చే విషయం ఏంటంటే, నరం తెగకుండా నలిగిన కేసుల్లో వారాల్లో, నెలల్లోనే కదలిక మొదలవ్వొచ్చు. ఏది ఏ రకమో తేల్చడానికి సుమారు మూడు వారాల తర్వాత చేసే నరాల పరీక్షలు, అంటే ఈఎంజీ, ఎన్‌సీఎస్ ఉపయోగపడతాయి.

ఇప్పుడు ప్రభుత్వ పథకాల సంగతి చూద్దాం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్ద ఆపరేషన్లను అందుబాటులోకి తెచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. కానీ ప్యాకేజీ చికిత్స చుట్టూ కట్టింది. డిశ్చార్జ్ తర్వాత ఇచ్చే మందులు కూడా రోజుల లెక్కే. నరానికేమో నెలలు కావాలి. ఈ గ్యాప్‌లో ఫిజియోథెరపీ, ఆటో ఛార్జీలు, పోయిన కూలి.. భారమంతా కుటుంబం మీదే.

ఆ నెలల్లో చేయాల్సిందేంటి?

మొదటిది, మడమ వెనక స్నాయువు బిగుసుకుపోకుండా రోజూ సాగదీయాలి. పాదం కిందికి వాలి అలాగే గట్టిపడితే, రేపు నరం కోలుకున్నా ఉపయోగం ఉండదు. రెండోది ఏఎఫ్‌ఓ, అంటే మడమ నుంచి పిక్క దాకా పాదాన్ని నిలబెట్టే ప్లాస్టిక్ స్ప్లింట్. ఇక్కడే మన ఇళ్లకో చిక్కు ఉంది. ఏఎఫ్‌ఓ బూటులో పెట్టుకునే వస్తువు, మనమేమో ఇంట్లో చెప్పుల్లేకుండా తిరుగుతాం. దీంతో చాలామంది బయటికెళ్లేటప్పుడే కట్టుకుంటారు. పడిపోయేది మాత్రం బాత్రూం దగ్గర, గడప దగ్గర! ఇంట్లో వేసుకోవడానికి విడిగా వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో పెట్టుకోవడం మంచిది.

మూడోది, కాలు మీద కాలు వేసుకోవడం, ఎక్కువసేపు గొంతుక్కూర్చోవడం మానాలి. మోకాలి బయటి వైపు కిందుగా వెళ్లే నరం మీద ఒత్తిడి పడి, ఉన్న సమస్య పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు, పాదంలో స్పర్శ తగ్గినవాళ్లు రోజూ రాత్రి అరికాలు చూసుకోవాలి. స్ప్లింట్ రాపిడికి పడ్డ పుండు కూడా వాళ్లకు నొప్పి తెలియదు.

ఏడాది దాటినా కదలిక రాకపోతే దారులు మూసుకుపోయినట్టు కాదు. బాగా పనిచేస్తున్న కండరం స్నాయువును పాదం పైకి మార్చే ‘టెండన్ ట్రాన్స్‌ఫర్’ సర్జరీ ఉంది. కుష్ఠు వ్యాధి వల్ల పాదం వాలిన వారికి మన దేశంలో దశాబ్దాలుగా ఈ ఆపరేషన్ చేస్తున్నారు. అయితే ఎల్-5 నరం దెబ్బతిన్నవారిలో మార్చాల్సిన కండరం కూడా బలహీనంగా ఉండొచ్చు. కాబట్టి అందరికీ కుదరదు.

సర్టిఫికెట్ దగ్గర మరో గోడ

2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ప్రధాన ప్రయోజనాలు దక్కాలంటే వైకల్యం 40 శాతం ఉండాలి. ఒక్క పాదం వాలితే సదరం పరీక్షలో ఆ గీత దాటుతుందన్న గ్యారంటీ లేదు. ఏపీలో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయల దివ్యాంగ పింఛన్ ఈ గీతతోనే ముడిపడి ఉంది. పొలం గట్ల మీద బురదలో నడిచే కూలీకి, కుడికాలితో బ్రేక్ తొక్కే ఆటో డ్రైవర్‌కి అది ఉపాధి పోయినంత పని. శాతం మాత్రం ఆ తేడా చూడదు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగికి మాత్రం ఇదే చట్టంలోని సెక్షన్ 20 రక్షణగా ఉంది. ఉద్యోగం తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు చూపించాలి. కూలీకి, డ్రైవర్‌కి ఇలాంటి భరోసా ఏదీ లేదు.

పరిష్కారం మరీ ఖరీదైనదేం కాదు. వెన్నెముక సర్జరీ ప్యాకేజీలోనే స్ప్లింట్‌ను, కొన్ని నెలల ఫిజియోథెరపీని చేర్చాలి. డిశ్చార్జ్ కాగితంలో పాదం గ్రేడ్, నరాల పరీక్ష తేదీ, దగ్గర్లోని ఫిజియోథెరపీ కేంద్రం తప్పనిసరిగా రాయాలి. ప్రభుత్వాలు ఆ పని చేసేలోపు రోగి చేతిలో ఉన్నది ఒక్కటే.. ఆస్పత్రి గేటు దాటకముందే ఈ మూడూ అడిగి రాయించుకోవడం. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య నిబంధనలే చెబుతున్నాయి.