దోమకు ఇల్లు గట్టినవారెవ్వరు?

ఎలమంచిలిలో కానిండు, అనకాపల్లిలో కానిండు, వానలు వెలిసి జ్వరములు ప్రబలగానే విద్యావంతులయిన గృహస్థులు పలుకు మాట యొక్కటే: "కాలువలు శుభ్రము చేయరు, పొగయైనను పెట్టరు, పురపాలకసంఘమువారు నిద్రించుచున్నారు." ఈ నింద సగమే న్యాయము. మురుగుకాలువలో పెరుగునది క్యూలెక్సు దోమ. బోదకాలు దానివలననే వచ్చును. కోస్తా జిల్లాలవారికి దానినిగూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని డెంగీ జ్వరమును తెచ్చు ఈడిసు దోమకు మురుగుతో పనిలేదు. అది కోరునది మనము త్రాగుటకు, స్నానమునకు నిలువచేసికొను నిర్మలజలము. పెరటితొట్టి, పూలకుండి క్రింది పళ్లెము, మూతలేని ట్యాంకు, పారవైచిన కొబ్బరిచిప్ప: ఇవియే దాని పుట్టినిండ్లు.

దీని పూర్వులు ఆఫ్రికా యడవులలో చెట్టుతొఱ్ఱలలోని వాననీట పెరిగి, మృగముల రక్తముతో బ్రదికినవి. మనుష్యుడు నీరు నిలువచేయ నేర్చిన పిదప నందొక తెగ తొఱ్ఱను విడిచి కుండను, మృగమును విడిచి మనుష్యుని ఆశ్రయించినదని శాస్త్రజ్ఞుల మతము. ఓడలలోని నీటిపీపాలలో చేరి సముద్రములను దాటినది. ఇది పగటివేళ కఱచును. మంచముల క్రిందను, వ్రేలాడు బట్టల చాటునను విశ్రమించును. తొట్టి యెండినను అంచున నంటిన గ్రుడ్లు నెలలకొలది చావక, నీరు తగిలినంతనే పొదుగును. నీరు పారబోసిన చాలదు. తొట్టి గోడలను తోమవలయును.

మఱి పొగ యేమి చేయును? వీథిలో నెగురు దోమలను గొన్నిటిని చంపును. గ్రుడ్లను, పురుగులను ముట్టదు. ఇంటిలోని దోమ మాటయో, పొగబండి వచ్చినంతనే తలుపులు బిగించి దానిని కాపాడువారము మనమే!

ఇట్లు మనలను మరగినది ఈడిసు ఒక్కటియే కాదు. 1897లో సికింద్రాబాదున రోనాల్డు రాసు మలేరియా క్రిమిని కనుగొన్నది అనాఫిలీసు దోమయందు. ఆ జాతిలోని స్టీఫెన్సై దోమ మన పట్టణములలో నూతులను, మేడమీది ట్యాంకులను నివాసముగా జేసికొన్నది. 2012లో ఆఫ్రికాలోని జిబూతీయందును కానవచ్చినది.

"కుళాయి దినదినము రానిచో తొట్టి నింపక యేమి చేయుదుము?" అని యిల్లాండ్రు అడుగుదురు. ఇది సరియైన ప్రశ్న. పురపాలకసంఘమును నిలదీయవలసిన చోటిది. నీరు వేళకు వచ్చు నింట తొట్టితో పనియేమి? పొగబండికై మహజరులు వ్రాయు పెద్దలు నీటికై యేల వ్రాయరు? గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు చాలును గనుక, నీరు క్రమముగా వచ్చువఱకు వారమున కొకపరి తొట్టి తోమక తప్పదు. ఆ పని యిల్లాలిదో పనిమనిషిదో యని తలంచి, తాము వాకిట గూర్చుండి కాలువను దూషించుచు పత్రిక చదువుకొను మగవారి చేతికి కొబ్బరిపీచు నిచ్చు దినమెన్నడు?